చేపల హారన్, మా పిల్లి, 30 మార్కుల సైకాలజీ

టెట్‌లో, అంటే టీచర్ల అర్హత పరీక్షలో, 150కి 30 మార్కులు సైకాలజీవే, ఆ 30 నా జేబులో ఉన్నట్టే అని మొన్నటిదాకా గట్టి నమ్మకం. పుస్తకం మూడుసార్లు చదివాను, పసుపు హైలైటర్ అయిపోతే గులాబీది కొన్నాను, ఏ లైన్ ఏ పేజీలో ఎటువైపు ఉందో కూడా చెప్పగలను. విజయనగరంలో నేను కోచింగ్‌కి వెళ్లే చోట మోడల్ టెస్ట్ పెట్టారు. 30కి 17. పోయినవాటిలో సగానికి పైగా నేను రంగు పూసిన లైన్లలోవే.

సెలవులకి రాజాం వచ్చాక పుస్తకం మూసేసి, తెల్ల కాగితం మీద 'శాస్త్రీయ నిబంధనం' అని రాసి, కింద ఏం వస్తుందో చూద్దామని కూర్చున్నా. పావ్‌లోవ్, కుక్క, గంట (తిండికి ముందు గంట కొడుతూ పోతే, చివరికి ఉత్త గంటకే కుక్క నోట్లో లాలాజలం ఊరిన ప్రయోగం). అంతే, పెన్ను ఆగిపోయింది. చూసినప్పుడు తెలిసినట్టు అనిపించడం గుర్తింపు, చూడకుండా బయటికి తీయడం పునఃస్మరణ, రెండూ వేరని స్మృతి పాఠంలోనే ఉంది. ఆ లైన్‌కీ రంగు పూసే ఉంది లెండి.

అలా కూర్చుని ఉండగా వీధిలో చేపలాయన హారన్ మోగింది. గోడ మీద నిద్రపోతున్న మా పిల్లి చెవులు నిక్కబొడుచుకుని ఒక్క దూకు దూకింది. ఇంకా చేప కనపడలేదు, వాసన కూడా రాలేదు, ఎక్స్‌ఎల్ బండి వీధి మలుపు కూడా తిరగలేదు, ఉత్త హారనే. అప్పుడు వెలిగింది నాకు. చేప సహజ ఉద్దీపన, అంటే నేర్పకుండానే స్పందన తెప్పించేది. హారన్ నిబంధిత ఉద్దీపన, అంటే చేపతో జతపడీ జతపడీ అదే స్పందన తెప్పించేది. మొదట్లో ఐస్ బండి హారన్‌కీ ఇలాగే పరిగెత్తేది, అది సామాన్యీకరణం. ఇప్పుడు ఐస్ బండికి కన్ను కూడా తెరవదు, అది విచక్షణ. రెండేళ్లుగా ఇదంతా మా గుమ్మం ముందే జరుగుతుంటే నేను లోపల కూర్చుని పావ్‌లోవ్ కుక్క గురించి బట్టీ పడుతున్నాను!

అసలు మజా కిందటి వేసవిది. మన తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు సముద్రం మీద వేట నిషేధం కదా. ఆ రెండు నెలలూ ఆయన అదే బండి మీద, అదే హారన్ కొట్టుకుంటూ తాటిముంజెలు అమ్మాడు. మొదటి వారం పిల్లి రోజూ పరిగెత్తింది, బుట్ట వాసన చూసింది, ముఖం ముడుచుకుని వెనక్కి వచ్చింది. రెండో వారం గుమ్మం దాకానే. తర్వాత గోడ మీంచి తల ఎత్తి చూసేది, ఆ తర్వాత అదీ లేదు. హారన్ ఉంది, చేప లేదు, కాబట్టి స్పందన ఆరిపోయింది. పుస్తకంలో విలుప్తం అంటే ఇదే. మధ్యలో వాళ్లింట్లో పెళ్లి ఉండి ఆయన పది రోజులు రాలేదు. మళ్లీ వచ్చి హారన్ కొట్టిన రోజు, ఇంకా ముంజెల బుట్టే, పిల్లి మాత్రం మళ్లీ పరిగెత్తింది! 'అయత్నసిద్ధ స్వాస్థ్యం' అనే ఆ మాట నోరు తిరగక నేను ఎన్నిసార్లు తిట్టుకున్నానో. ఎవరూ మళ్లీ నేర్పకుండానే, కొంత విరామం తర్వాత, ఆరిపోయిన స్పందన తిరిగి తలెత్తడం. విలుప్తమంటే తుడిచిపెట్టుకుపోవడం కాదన్నమాట, లోపల ఎక్కడో ఉంటుంది.

ఒక మెలిక ఉంది. పరిగెత్తితే చేప తల దొరుకుతుంది కాబట్టి ఆ పరుగులో స్కిన్నర్ గారి కార్యసాధక నిబంధనం, అంటే చేసిన పనికి వచ్చే ఫలితాన్ని బట్టి నేర్చుకోవడం, కూడా కలిసి ఉంది. కచ్చితంగా పావ్‌లోవ్ లెక్కంటే నోట్లో లాలాజలం ఊరడమే. పిల్లి నోరు తెరిచి చూసే ధైర్యం నాకు లేదు.

మిగతా చరిత్ర బిట్లు, ఊంట్ 1879లో లైప్‌జిగ్‌లో సైకాలజీ ప్రయోగశాల పెట్టడం, పావ్‌లోవ్‌కి 1904లో నోబెల్ వచ్చింది జీర్ణక్రియ మీద పనికి గానీ నిబంధనానికి కాదనడం, ఇవి ఒకసారి చూసుకుంటే సరిపోతాయి. నన్ను ముంచింది రుణ పునర్బలనం. 'రుణ' అనగానే ఏదో చెడ్డదనుకుని దండన అని పెట్టేశాను, మార్కు పోయింది.

దీన్ని తేల్చింది మా అమ్మ. ఇంటికొస్తే పొద్దున్న ఐదున్నరకి నన్ను లేపే పద్ధతి ఆవిడకి ఒకటే ఉంది, గదిలోకొచ్చి ఫ్యాన్ ఆపేస్తుంది. "ఏటే, ఇంకా లెగవేటి?" అని ఒక్క మాట, వెళ్లిపోతుంది. రెండు నిమిషాల్లో చెమట, దోమలు. లేస్తే వాటినుంచి విముక్తి. ఇబ్బంది పెట్టేది తొలగిపోయి, దానివల్ల నేను లేవడం అనే పని రోజురోజుకీ గట్టిపడింది కాబట్టి అది రుణ పునర్బలనం. అదే సంఘటనని నా 'పడుకోవడం' వైపు నుంచి చూడండి. పడుకున్నాను, ఉన్న ఫ్యాన్ గాలి పోయింది, పడుకోవడం తగ్గింది. అప్పుడది రుణ దండన! ఒకే స్విచ్, రెండు జవాబులు. అందుకే బిట్టులో ముందు ఏ ప్రవర్తన గురించి అడుగుతున్నాడో చూడాలి, అది పెరిగిందా తగ్గిందా చూడాలి. పెరిగితే పునర్బలనం, తగ్గితే దండన. ధన, రుణ అనేవి మంచీ చెడూ కాదు, ఏదో చేర్చాడా తీశాడా, అంతే.

మరుపు మీద ప్రయోగాలు చేసిన ఎబ్బింగ్‌హాస్ దగ్గర కూడా చాలామంది జారతారు. ఆయన అర్థరహిత పదాంశాలు తనే బట్టీ పట్టి, తన మీదే ప్రయోగం చేసుకుని 1885లో పుస్తకం వేశాడు. సుమారు 20 నిమిషాలకి 58, ఒక రోజుకి 34, నెలకి 21 శాతం అని పట్టిక ఉంటుంది. దాన్ని '34 శాతం గుర్తున్నాయి' అని చదివేస్తాం. ఆయన కొలిచింది అది కాదు. రెండోసారి నేర్చుకోవడానికి మొదటిసారి కంటే ఎంత శ్రమ ఆదా అయిందో కొలిచాడు, పొదుపు పద్ధతి అన్నది అందుకే. పైగా ఎక్కువ మరుపు మొదటి రోజే జరిగిపోతుంది, తర్వాత గీత దాదాపు చదునవుతుంది. అది చూశాకే నేను నాలుగోసారి చదవడం మానేసి, చదివిన రోజు రాత్రే ఒక తెల్ల కాగితం ఖరాబు చేయడం మొదలెట్టా. చిరాగ్గా ఉంటుంది, నిజం చెప్తున్నా, హైలైటర్ పూస్తే వచ్చే హాయి ఇందులో లేదు.

పురోగమన, తిరోగమన అవరోధాలు మాత్రం ఇప్పటికీ తికమకే. పాతది కొత్తదానికి అడ్డమొస్తే పురోగమనం, కొత్తది పాతదానికి అడ్డమొస్తే తిరోగమనం. మొదటిదానికి ఉదాహరణ నేనే. మా రాజాం 2022 ఏప్రిల్‌లో శ్రీకాకుళం జిల్లా నుంచి విజయనగరం జిల్లాలోకి వెళ్లింది. మొన్న ఆన్‌లైన్ అప్లికేషన్‌లో, అదీ ఈ పాఠం చదివి లేచిన అరగంటకి, జిల్లా దగ్గర శ్రీకాకుళం నొక్కేసి, కింద మండలాల్లో రాజాం ఎందుకు లేదని రెండు నిమిషాలు ఆ సైట్‌ని తిట్టాను.