ఐదో కాంటూరు

నిన్న కైకలూరులో చుట్టాల పెళ్లికెళ్లి, పనిలో పనిగా కొల్లేరు పక్షుల కేంద్రం ఆటపాక కూడా చూసొచ్చాం. ఇనప స్టాండ్ల మీద గూడబాతుల (పెలికాన్ల) గూళ్లు, పిల్లలేమో తల్లి గొంతులోకి ముక్కు దూర్చి మరీ చేపలు లాగేసుకుంటున్నాయి, ఆ నీచు కంపు ఇంకా చొక్కాని వదల్లేదనుకోండి.

పడవ నడిపే బాబాయిని ఊరికే కదిపానంతే, మొదలెట్టాడు. "అప్పట్లో సొసైటీలు పెట్టి చేపల చెరువులు తవ్వుకోమందీ గవర్నమెంటే, తర్వాత పగలగొట్టిందీ గవర్నమెంటే బాబూ" అని. నిజమే, కొల్లేరుని 1999లో ఐదో కాంటూరు దాకా, అంటే సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత దాకా, శాంక్చురీ (వన్యప్రాణుల అభయారణ్యం) అన్నారు, 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలల రామ్‌సర్ లిస్టుకెక్కింది, చెరువుల గట్లు పెద్ద ఎత్తున పగలగొట్టింది మాత్రం 2006లో. మధ్యలో ఏడేళ్లు! గీత గీసేసి, లోపల జిరాయితీ (సొంత పట్టా) భూములున్నోళ్ల సంగతి తేల్చకపోతే వాళ్లకి పిట్టని చూస్తే ఒళ్లు మండదా మరి? చెరువులు ఆక్రమించిన పెద్దోళ్ల మీద నాకేం జాలి లేదు గానీ, మావులు వేసి చేపలు పట్టుకుని బతికేవాళ్లనీ అదే గాటన కట్టేయడం అన్యాయం అనిపించింది.

దిగేటప్పుడు బాబాయి నవ్వుతూ "ఇంతకీ పెళ్లిలో తిన్న చేప ఏ చెరువుదో అడిగారా?" అన్నాడు. అడగలేదు.