ఫియట్ డిలైట్ పని: పాత డోర్ల వయసు తేల్చడం

ఈ విడత పని డోర్లది. అనంతపురం షెడ్డులో మేం బాగుచేస్తున్న పాత కారు ఫియట్ 1100 డిలైట్‌కు కుడి వెనక డోర్ ఒక్కటే కారుతో వచ్చిన సొంతది. మిగతా వాటికోసం బెంగళూరు శివాజీనగర్ గుజిరీ (పాత సామాన్ల బజారు) నుంచి కొన్ని, ముంబై ట్యాక్సీలు విప్పిన సామానులోంచి కొన్ని తెప్పించాం. అమ్మేవాళ్లకు అన్నీ 'ఫియట్ డోర్లే'.

ముందు డోరయితే మొదట హింజ్ చూడాలి. విండ్‌షీల్డ్ వైపు ఏటవాలుగా ఉన్న అంచుకే హింజ్ ఉంటే అది 1964లో వచ్చిన డిలైట్ దగ్గర్నుంచి పద్మిని వరకు ఏదైనా కావచ్చు. నిలువు అంచుకు, అంటే నడిమి పిల్లర్ వైపు ఉంటే అది డిలైట్‌కు ముందు వచ్చిన ఫియట్ 1100, అంటే మిల్లెచెంతో, డోర్. ఎంత బాగున్నా డిలైట్‌కు పనికిరాదు, కానీ ఆ పాత కారు ఉన్నవాళ్లకు బంగారం. దాన్ని మాత్రం తుక్కుకింద కోయించకండి.

ఆ తర్వాతే అసలు చిక్కు. డిలైట్, ప్రెసిడెంట్, 1974 నుంచి పద్మిని, ఇలా పేర్లు మారాయి గానీ బాడీ ఆకారం దాదాపు అదే. కాబట్టి ఆకారం ఏ కారుదో చెబుతుంది, వయసు చెప్పదు. హ్యాండిల్, లాక్, గ్లాస్ చూసి సంవత్సరం చెప్పేవాళ్ల మాట నమ్మవద్దు. అవన్నీ పది నిమిషాల్లో మారిపోయే సామాన్లు. గ్లాస్ మీద ఆసాహి ఇండియా ముద్ర ఉంటే ఆ గ్లాస్ 1980ల చివరిదో, ఆ తర్వాతిదో అని మాత్రమే అర్థం. డోర్ దానికి ఇరవై ఏళ్లు పెద్దదైనా కావచ్చు.

నమ్మదగ్గది రేకు, రేకులోని బెజ్జాలు. సొంత డోర్ ప్యాడ్ తీసి, లోపలి రేకు మీద న్యూస్‌పేపర్ పరచి పెన్సిల్‌తో రుద్దితే క్లిప్పుల, గ్లాస్ మిషన్ (అద్దం ఎత్తి దించేది) బోల్టుల, ఆర్మ్‌రెస్ట్ స్క్రూల అచ్చు దిగుతుంది. ఆ అచ్చును గుజిరీ నుంచి వచ్చిన వెనక డోర్‌తో పోల్చాలి. ఎడమ డోర్ అయితే కాగితం తిప్పి పెట్టాలి. కంపెనీ బెజ్జం అంచు నున్నగా ఉండి, లోపలి దాకా మొదటి పెయింటే ఉంటుంది. తర్వాత డ్రిల్ చేసినదానికి వెనకవైపు బర్ర్ (గరుకుగా లేచిన రేకు అంచు), చుట్టూ తుప్పు వలయం కనిపిస్తాయి. మిర్రర్ బెజ్జాలు ఎక్కువగా ఇలాంటివే, వాటిని లెక్కలోకి తీసుకోకూడదు.

తర్వాత పెయింట్. హింజ్ విప్పి దాని కింద, రూపాయి బిళ్లంత చోట, 400 వాటర్ పేపర్‌తో నీళ్లు పోస్తూ రేకు దాకా రుద్దితే పొరలన్నీ వలయాలుగా బయటపడతాయి. ప్రైమర్‌ను ఆనుకున్న రంగే ఆ డోర్ పుట్టిన రంగు. ముంబై డోర్లు చాలావాటిలో అది నలుపే, అక్కడి ట్యాక్సీలకు పైకప్పు పసుపు, కింద నలుపు కదా. థిన్నర్ దూదికి పై రంగు వెంటనే కరిగి వస్తే అది ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) పెయింట్. హార్డెనర్ కలిపి కొట్టే టూ-కే పెయింట్ గట్టిపడ్డాక అంత తేలిగ్గా కరగదు.

ఇప్పటికి తేలింది ఇది. ఎడమ వెనక డోర్ అచ్చుకు సరిపోయింది. కుడి ముందుది ముంబైది: పై రేకు బాగుంది గానీ కింది మడతలో అయస్కాంతం నాలుగు వేళ్ల మేర అంటుకోలేదు, అంతా పుట్టీ. ఉప్పుగాలి ఊరి డోర్లకు ఇది మామూలే. మన అనంతపురం డోర్లలో తుప్పు తక్కువ. ఇక్కడ దుమ్ము చేరి కింది నీటి రంధ్రాలు పూడిపోతాయి, డోర్ అంచు రబ్బరు బీడింగ్ ఎండి పగులుతుంది. అందుకే ఎడమ ముందు డోర్ ధర్మవరం వైపు దొరికినదే తీసుకున్నాం. హింజ్ పిన్ మాత్రం అరిగింది: డోర్ చివర పట్టుకుని ఎత్తితే కదులుతోంది. బెజ్జం కొద్దిగా రీమ్ చేసి (నున్నగా వెడల్పు చేసి), లేత్‌లో లావు పిన్ తిప్పించాలి. పాత పిన్‌కు గ్రీజు పెట్టి సరిపెడితే డోర్ మళ్లీ జారుతుంది.

కుడి ముందు డోర్‌కు కింది అంగుళం రేకు కోసి కొత్తది అతకాలి. అతికాక లోపల ఎపాక్సీ ప్రైమర్, ఆపైన కావిటీ వాక్స్ (డోర్ లోపలి బోలులో తుప్పు పట్టకుండా కొట్టే మైనం). నీటి రంధ్రాలు మూసుకోకుండా వాటిలో పుల్లలు పెట్టి ఉంచాలి. బిగించేటప్పుడు వెనక డోర్లు ముందు, ఆ తర్వాత ముందువి. వెనక డోర్ గ్యాప్ కుదరకుండా ముందు డోర్ సర్దితే రెండుసార్లు విప్పాల్సి వస్తుంది.