నలభై దాటొద్దన్నాడు తాత

మా పాపకి పదిహేనేళ్లు. పుట్టింది, పెరిగింది అంతా బర్మింగ్‌హామ్‌లోనే. తెలుగు మొత్తం అర్థమవుద్ది, మాట్లాడమంటేనే ఆగిపోద్ది. మూడేళ్లు ఆదివారం తెలుగు క్లాసుకి పంపాం, అక్షరాలొచ్చినై, గుణింతాలొచ్చినై, మాట మాత్రం రాలేదు. నెల్లూరు జిల్లా కావలిలో ఉండే మా అమ్మకి ఫోన్ చేస్తే "బాగున్నావా జేజీ, తిన్నావా" దాకా బాగానే ఉంటది, ఆ తర్వాత ఇద్దరూ ఫోన్లో ఒకర్నొకరు చూసి నవ్వుకుంటా కూర్చుంటారు. ఇన్నేళ్లూ నేను దీన్ని భాష సమస్య అనుకున్నా. పోయిన ఎండాకాలం సెలవులకి ఐదు వారాలు ఊళ్లో ఉండొచ్చాక తెలిసింది, వాళ్ల మధ్య మాటలు లేక కాదు, ఇద్దరూ కలిసి చేసే పని ఒక్కటీ లేక అని.

పని దొరికింది ఇంటెనక రేకుల షెడ్డులో. మా నాయన కరెంటాఫీసులో చేసినన్నాళ్లూ జలదంకి, కలిగిరి, కొండాపురం ఊళ్లన్నీ తిరిగిన 1983 బుల్లెట్, మూడొందల యాభై సీసీ. నాయనకి మోకాళ్ల నొప్పులు మొదలైనప్పుడు పట్టా కప్పి పెట్టేశారు, పద్నాలుగేళ్లు దాన్ని కదిలించినోళ్లు లేరు. ఊరికి పోయిన మూడో రోజు పాప ఆ పట్టా లేపి, ట్యాంకు మీద దుమ్ము చేత్తో తుడిచి, పేరు చదివి, "నాన్నా, ఇది రెడ్డిచ్ బండి కదా!" అని కేకేసింది.

రెడ్డిచ్ మాకు అరగంట దూరం. సూదుల తయారీకి పేరున్న ఊరు అది, రాయల్ ఎన్‌ఫీల్డ్ ఫ్యాక్టరీ ఉండింది కూడా అక్కడే. 1967లో మూసేశారు, ఇప్పుడక్కడ ఎన్‌ఫీల్డ్ పేరుతో ఇండస్ట్రియల్ ఎస్టేట్ మాత్రం ఉంది, మేము దాని పక్కనించి చాలాసార్లు పోయినోళ్లమే. మా నాయనకి ఈ సంగతి చెప్తే ఒప్పుకోలా. "రెడ్డిచ్చో గిడ్డిచ్చో నాకు తెలవదమ్మణ్ణీ, ఇది మద్రాసు బండి, తిరువొత్తియూర్లో చేసింది" అన్నాడు. ఇద్దరిదీ కరెక్టే. 1955లో మద్రాస్ మోటార్స్‌తో కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా పెట్టారు, మన మిలిటరీకి, పోలీసులకి బళ్లు కావాలని. మొదట్లో పార్టులు ఇంగ్లండ్ నుంచొచ్చేవి, ఇక్కడ బిగించేవాళ్లు, తర్వాత అన్నీ ఇక్కడే చేయడం మొదలుపెట్టారు. అక్కడ ఫ్యాక్టరీ మూతపడ్డ పదేళ్లకి, 1977లో, మద్రాసు బుల్లెట్లని ఇంగ్లండ్‌కే ఎగుమతి చేశారు. పాప ఇది ఫోన్లో చూసి తాతకి చదివి వినిపించింది. వారం రోజులు ఇదే వాదన, అన్నం దగ్గర కూడా. మా పాపని అక్కడ స్కూల్లో "అసలు నువ్వు ఎక్కడి దానివి" అని అడుగుతారు, కావలికొస్తే ఇక్కడి చుట్టాలూ అదే అడుగుతారు, ఆ ప్రశ్నొస్తే తల దించుకుని ఫోన్ చూసుకుంటది. బండి విషయంలో మాత్రం అదే ప్రశ్న మీద కళ్లు పెద్దవి చేసుకుని కొట్లాడతా ఉంటే నేను పక్కన కూర్చుని చూస్తా ఉండిపోయా.

ట్రంకు రోడ్డు పక్క సందులో నాయనకి తెలిసిన మెకానిక్ భాయ్ ఉన్నాడు. ఇంజన్ దింపేసరికి పిస్టన్ జామ్, రింగులు బోర్‌కి, అంటే పిస్టన్ ఆడే గొట్టం లోపలి గోడకి, తుప్పుతో అతుక్కుపోయినై. బోర్ చేయించి కొత్త పిస్టన్ వేయాల్సిందే అన్నాడు. మిగతాదంతా పాపా, తాతా ఇంట్లోనే చేశారు. కిరసనాయిల్ పళ్లెంలో కార్బొరేటర్ పార్టులు, పాత బనియన్ గుడ్డ, ఎమిరీ పేపరు. మొదటి రోజు భాయ్‌తో "నువ్వు ఆ స్పానర్ ఇవ్వు" అంది పాప, నాయన వెంటనే "అమ్మణ్ణీ, పెద్దోళ్లని నువ్వు అనకూడదు, భాయ్ అని పిలువు, ఇవ్వండి అను" అన్నాడు. ఇంగ్లీషులో అందరికీ ఒకటే మాట కదా, ఈ తేడా నేను ఎన్నిసార్లు చెప్పినా తలకెక్కలేదు, ఆ రోజు మసి చేతులతో ఎక్కింది. మర్నాడు పక్కింటి కుర్రోడు "ఆడపిల్లకెందుకన్నా ఈ మసి" అని నన్నడిగితే నేను నోరు తెరిచేలోపే మా అమ్మ లోపల్నించి "ఏం, మసి సబ్బుకి పోదా" అంది.

నాకు బాగా గుర్తుండిపోయింది కిక్కు నేర్పిన రోజు. బుల్లెట్ని ఎట్టబడితే అట్ట తంతే అది తిరిగి తంతది, మడమలు విరిగినోళ్లున్నారు. హెడ్‌లైట్ మీద కరెంటు చూపించే చిన్న ఆంపియర్ మీటర్ ఉంటది. తాళం తిప్పి కిక్కు మెల్లగా తొక్కుతుంటే ఆ ముల్లు ఎడమకి వాలి ఉంటది, ప్లగ్గుకి నిప్పురవ్వ పుట్టించే పాయింట్లు విడిపోగానే మధ్యకొచ్చేస్తది, పిస్టన్ పైకొచ్చిందని గుర్తు. అప్పుడు ఎడమచేతి దగ్గరుండే, ఇంజన్లో ఒత్తిడి వదిలేసే డీకంప్రెషన్ లివర్ నొక్కి, కిక్కు ఇంకొంచెం దించి, లివర్ వదిలి, కిక్కు మళ్లీ పూర్తిగా పైకి రానిచ్చి, ఒక్కటే నిండు కిక్కు. నాయన పాప చెయ్యి తీసుకుని లివర్ మీద పెట్టి "చూడు, చూడు, ముల్లు చూడు, ఆఁ, ఇప్పుడు" అంటా ఉన్నాడు. పదకొండోసారికి స్టార్టయింది. నాయన ఏమీ మాట్లాడలా, షెడ్డు గోడకి ఆనుకుని ఆ శబ్దం వింటా నిలబడ్డాడు.

కాగితాల పని రెండు వారాలు తిప్పింది. పదిహేనేళ్లు దాటిన బండికి ఆర్సీ ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి, మాది ఎప్పుడో అయిపోయి ఉంది, ఇన్సూరెన్సూ లేదు. ఇంజన్ పని జరుగుతుండగానే ఆ కాగితాల పనీ పూర్తయింది.

కొత్త బోర్ కదా, మొదటి ఐదొందల కిలోమీటర్లు నలభై దాటొద్దన్నాడు నాయన. కొత్త పిస్టనూ బోరూ ఒకదానికొకటి ఒరుసుకుని కుదురుకునేదాకా వేడెక్కనీయకూడదు, వేడెక్కితే పిస్టన్ ఉబ్బి పట్టేస్తది. రోజూ సాయంత్రం నేను నడపడం, పాప హెల్మెట్ పెట్టుకుని వెనక, తుమ్మలపెంట బీచ్ దాకా పోయి రావడం. నూట అరవై కిలోమీటర్లయినై. తిరుగు ప్రయాణానికి ఏడు రోజులుంది. ఉదయగిరి చూపిస్తానని దానికి మాటిచ్చి ఉన్నా, కృష్ణదేవరాయలు ఏడాదికి పైగా ముట్టడించి 1514లో గెల్చుకున్న కోట, అక్కడి చెక్క గరిటెలు, స్పూన్లు, అన్నీ. ఇంకా నెల్లూరు రంగనాయకుల గుడి, పెంచలకోన, చుట్టాలిళ్లు. నా ఫోన్లో లిస్టుంది. ప్రతి ఊరి ప్రయాణానికీ నాకట్టాంటి లిస్టొకటి ఉంటది, ఏడాదంతా ఇవ్వలేనిది ఐదు వారాల్లో కుక్కి పెట్టాలని.

తెల్లార్తో ఐదింటికి ఉదయగిరికి బయల్దేరాం. జలదంకి దాటాం, కలిగిరిలో ఆగి ఇడ్లీ తిన్నాం. కలిగిరి దాటాక రోడ్డు ఖాళీ, ఎండ ముదరకముందే చేరిపోదామని కొంచెం కొంచెం పెంచా. పాప నా భుజం మీదుగా స్పీడోమీటర్ చూస్తా "నాన్నా, యాభై ఐదు" అంది. కాసేపాగి "నాన్నా, డెబ్బై" అంది. ఇంకో రెండు కిలోమీటర్లే అన్నా. ఇంజన్ గొంతు బరువెక్కినట్టయింది, ఏదో వెనక్కి లాగుతున్నట్టు, అంతలోనే వెనక చక్రం కీచుమని పట్టేసింది. క్లచ్ పట్టుకున్నా కాబట్టి పడలా. దొర్లుకుంటా పక్కకి పోయి ఆగాం. కిక్కు రాయిలాగుంది, దిగట్లా.

పాప ఇంగ్లీషులో అరిచింది. దానికి కోపమొస్తే ఇంగ్లీషే. చెప్పాను కదా, రెండుసార్లు చెప్పాను కదా, నువ్వెప్పుడూ వినవు అని. బండి గురించే అనలేదని నాకు తెలుసు. అక్కడ దాని స్కూలు, సబ్జెక్టులు, స్నేహితులు, అన్నిట్లో అది చెప్పడం, నేను "ఇంకొంచెం" అనడం ఉన్నదే. ఈసారి దాని ముందరే చక్రం పట్టేసింది. సారీ అన్నా, తెలుగులో చెప్పడానికి నాకూ మాట దొరకలా.

నాయనకి ఫోన్ చేయడానికి నాకు ధైర్యం చాల్లా. పాపే ఫోన్ తీసుకుని చేసింది. "తాతా, పట్టేసింది. డెబ్బై పోయాడు. కిక్కు దిగట్లేదు. లేదు, పొగ రాలేదు. ఆయిలుంది, చూశాను." ఇట్ట పది నిమిషాలు ఆగకుండా మాట్లాడింది, ఒక్క మాటకీ నా వైపు చూడకుండా. గంట ఆగి మెల్లగా తొక్కి చూడండి, దిగినా సరే స్టార్ట్ చేయొద్దు, ట్రాలీ ఆటోలో ఎత్తుకుని రండి అన్నాడంట.

పొలం గట్టున పొగాకు బ్యారన్ నీడలో కూర్చున్నాం. ఒక పెద్దమ్మ మంచినీళ్లు తెచ్చింది, మాది ఏ ఊరో కనుక్కుని, దూబగుంట ఇక్కడికి దగ్గరేనని చెప్పింది. 1992 ప్రాంతంలో రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకుంటున్న ఆడోళ్లు సారా అంగడి ఎట్టా మూయించారో, వాళ్లని ముందుండి నడిపిన రోశమ్మ పేరు అన్ని ఊళ్లకీ ఎట్టా పాకిందో, తనూ పొరుగూరి ఆడోళ్లతో కలిసి పోయి సారా ప్యాకెట్లు రోడ్డు మీద ఎట్టా పారబోసిందో చేతులు తిప్పుతా చెప్పింది. ఆ తర్వాతేడే, 1993లో, ప్రభుత్వం సారా నిషేధించింది. పాప మధ్యమధ్యలో "తర్వాత ఏమైందండీ" అంటా ఉంది. నా లిస్టులో దూబగుంట లేదు.

గంటకి కిక్కు దిగింది. ఇంటికొచ్చాక నాయన నన్ను పాప ముందు ఒక్క మాటనలా. విప్పి చూస్తే పిస్టన్ మీద నిలువు గీతలు, బోర్‌కీ పడినై, మళ్లీ బోర్ చేయించి తర్వాతి సైజు పిస్టన్ వేయాలి. మాకున్న టైం చాలదు. ఆ ఆరు రోజులూ ఎక్కడికీ పోలేదు మేము, పాపే వద్దంది. తాతతో కలిసి బోల్టులన్నీ కడిగి డబ్బాల్లో పోసి, డబ్బాల మీద తెలుగులో పేర్లు రాసింది. "కార్బొరేటర్" అని రాయడానికి రెండుసార్లు కొట్టేసింది.

మేమొచ్చేశాక నెలకి ఇంజన్ ఎక్కింది. భాయ్ పక్కనుండి స్టార్ట్ చేయించాడంట. ఇప్పుడు మోకాలికి పట్టీ చుట్టుకుని రోజూ నాయనే నడుపుతున్నాడు, తుమ్మలపెంట దాకా. మా కిచెన్ క్యాలెండర్లో పాప ప్రతి రోజూ కిలోమీటర్లు రాసుకుంటది. నిన్న ఫోన్ చేస్తే నాలుగొందల ఇరవై అన్నాడు.

"స్పీడెంత తాతా?"

"నలభై."

వెనకనుంచి జేజి గొంతు. "నలభై ఐదు పోయినాడమ్మణ్ణీ, నేను వెనకే కూచోనున్నా గదా."

"తాతా!" అని అరిచింది పాప. తెలుగులో తిట్లు వెతుక్కుంటా ఉంటే నేను అన్నం వడ్డించుకోడానికి లేచా.