చెన్నై ఎండ, కారు బ్యాటరీ

బ్యాటరీకి చలికాలమే గండం అంటారు. చెన్నైలో దాని ఆయుష్షును హరించేది మాత్రం ఎండే. వేడికి లోపలి నీరు ఆవిరైపోతుంది, సీసపు పలకలు త్వరగా తుప్పు పడతాయి.

మొన్న వేళచ్చేరిలో మా కారు తాళం తిప్పితే టకటకమనే చప్పుడు తప్ప ఇంజనులో చలనం లేదు. పక్కింటి నెల్లూరు బాబాయిగారు వోల్టులు కొలిచే మల్టీమీటర్ తెచ్చి, "కొత్తది కొనే ముందు కొలిచి చూద్దామమ్మా" అన్నారు. ఆ మాటకు ఆయనకు ఎంత రుణపడి ఉన్నానో! రాత్రంతా ఆగి ఉన్న బండిలో సుమారు 12.6 వోల్టులుంటే బ్యాటరీ నిండుగా ఉన్నట్టు. మాది 12 దగ్గర ఉంది. ఆయన ముందుగా నెగటివ్ తీగ విప్పారు. తీగలు బిగించే టెర్మినళ్ల మీద పేరుకున్న నీలిపచ్చ పొడిపై వంటసోడా నీళ్లు పోయగానే బుసబుసా పొంగింది. తుడిచి, ఆరనిచ్చి, బిగించి, పైన పెట్రోలియం జెల్లీ పూశారు.

పక్క కారు సాయంతో ఇంజను అందుకున్నాక మీటరు 14.2 చూపింది. అంటే ఇంజను నడిచేటప్పుడు బ్యాటరీని ఛార్జి చేసే ఆల్టర్నేటర్ క్షేమం. పూర్తిగా ఛార్జి చేశాక కూడా స్టార్ట్ చేసేటప్పుడు 9.6 కంటే కిందికి పడితే బ్యాటరీ మార్చాల్సిందే. మాది 10 పైనే నిలిచింది. కూరగాయల కొట్టు దాకా తిప్పితే అది నిండదు, అందుకే ఇకపై ఆదివారాలు ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్) మీద మహాబలిపురం దాకా వెళ్లివస్తాం.