కొత్త ఎయిర్ రైఫిల్ ఫ్యాక్టరీకి వాపసు: బెజవాడ నుంచి పంపి తిరిగి తెప్పించిన లాగ్

వస్తువు: .177 (4.5 మి.మీ.) బ్రేక్ బ్యారెల్ స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్. బ్యారెల్‌ని వెనక కీలు దగ్గర కిందికి వంచితే (దీన్నే విరవడం అంటాం) ట్యూబులోని స్ప్రింగు బిగుస్తుంది, పేల్చగానే అది పిస్టన్‌ని తోసి గాలిని నొక్కుతుంది. దేశవాళీ తయారీ, బరువు 3.1 కిలోలు, బ్యారెల్ 45 సెం.మీ., ఏడాది వారంటీ. పెల్లెట్లు (చిన్న గుళ్లు) 0.51 గ్రాములవి, మొదటినుంచి చివరిదాకా ఒకే డబ్బాలోవి. దూరం 10 మీటర్లు, ఇంట్లో పొడవాటి వరండా. వెనక పాత పేపర్ల కట్ట, దాని వెనక 3 మి.మీ. ఇనప రేకు. కంపెనీ పేరుతో పని లేదు. ఈ లోపం, అంటే బ్యారెల్ అతుకు దగ్గర గాలి కారడం, ఏ బ్రేక్ బ్యారెల్‌కైనా రావచ్చు, పట్టుకునే పద్ధతీ ఒకటే.

ముందుగా ఒక మాట. 2016 ఆయుధాల నిబంధనల ప్రకారం 4.5 మి.మీ. బోరు, 20 జౌళ్ల శక్తి దాటని ఎయిర్ రైఫిల్‌కి లైసెన్సు అక్కర్లేదు. కాబట్టే దీన్ని మామూలు సరుకులా పార్సిల్ చేయగలిగాం. లైసెన్సున్న తుపాకీ అయితే కింద రాసిన పార్సిల్ పద్ధతి పనికిరాదు. లైసెన్సు పట్టుకుని ఆయుధాల డీలరు దగ్గరికే వెళ్లాలి.

మే 24

పెట్టె విప్పేటప్పుడు వీడియో తీశాం, టేపు కోయడానికి ముందు నుంచే. ట్యూబు మీద కొట్టిన సీరియల్ నంబరు, బిల్లు మీది నంబరు, వారంటీ కార్డు మీది నంబరు మూడూ ఒకటేనా అని చూసుకోవాలి. కార్డు మీద కొట్టువాడి ముద్ర, తేదీ లేకపోతే ఆ రోజే వేయించుకోవాలి. నెల తర్వాత వెళితే ఆ ముద్ర కోసం నాలుగుసార్లు తిరగాలి.

బ్యారెల్‌లో ఫ్యాక్టరీ గ్రీజు దండిగా ఉంది. నూలు గుడ్డ ముక్కలు ఆరు లాగితేగానీ తెల్లగా రాలేదు. స్టాక్ (చేత్తో పట్టుకుని భుజానికి ఆనించే భాగం) ముందు పక్కన ఉండే రెండు స్క్రూలు, ట్రిగ్గర్ గార్డు స్క్రూ బిగించాం. ముందు స్క్రూల్లో ఒకటి పావు చుట్టు తిరిగింది.

మే 25

మొదటి 40 పెల్లెట్లు. పొగ, కాలిన నూనె వాసన, మధ్యమధ్యలో టపాకాయలాంటి చప్పుడు. కంప్రెషన్ ట్యూబులో మిగిలిన నూనె గాలి ఒత్తిడికి మండిపోవడమే ఇది. కొత్త స్ప్రింగ్ రైఫిళ్లలో మామూలే. ఇలా మండుతున్నంతసేపు వేగం కొలిచినా ఆ అంకెలు చెత్తబుట్టకే. సరిగ్గా ఇక్కడే చాలామంది ఇంకొంచెం నూనె వేస్తారు, దాంతో జబ్బు ఇంకో వంద పెల్లెట్లు సాగుతుంది. పెల్లెట్ లేకుండా ఉత్తినే పేల్చి చూడటం కూడా వద్దు. ముందు అడ్డు లేకపోతే పిస్టన్‌కి గాలి మెత్త ఉండదు. అది నేరుగా ట్యూబు చివరి గోడకి కొట్టుకుంటుంది, సీలు గానీ స్ప్రింగు గానీ పోతుంది.

మే 28

పొగ ఆగాక కొలతలు. క్రోనోగ్రాఫ్ (పెల్లెట్ వేగం కొలిచే పరికరం) బ్యారెల్ మూతికి ఒక మీటరు ముందు పెట్టాం. ట్యూబ్‌లైటు వెలుగులో లైటు సెన్సర్ల క్రోనోగ్రాఫ్ తప్పుడు అంకెలు చూపిస్తుంది, కొన్నిసార్లు అసలు చూపించదు. ట్యూబ్‌లైటు ఆర్పేసి పాతరకం ఫిలమెంట్ బల్బు పెట్టాకే నమ్మాం.

పది పెల్లెట్లు, సెకనుకి మీటర్లలో: 171, 158, 176, 149, 167, 162, 180, 153, 169, 160. సగటు 164.5. ఎక్కువకీ తక్కువకీ తేడా 31. శక్తి 6.9 జౌళ్లు.

డబ్బా మీద ఇంతకంటే చాలా పెద్ద అంకె ఉంది. దాన్ని పట్టుకుని ఫిర్యాదు చేస్తే నిలబడదు. అలాంటి అంకెలు సాధారణంగా బాగా తేలికైన పెల్లెట్‌తో కొట్టి రాసినవి. పట్టుకోవాల్సింది ఆ 31ని. ఆరోగ్యంగా ఉన్న స్ప్రింగ్ రైఫిల్‌లో, ఒకే డబ్బా పెల్లెట్లతో, పదింటి మధ్య తేడా పది లోపే ఉండాలి.

గ్రూపు: పది రంధ్రాల్లో బాగా దూరంగా ఉన్న రెండింటి మధ్య, కేంద్రం నుంచి కేంద్రానికి, 41 మి.మీ. పోటీల్లో వాడే 10 మీటర్ల కార్డులో నల్లటి గుండ్రం వ్యాసం 30.5 మి.మీ. అంటే కొన్ని పెల్లెట్లు నలుపు కూడా దాటిపోతున్నాయి. పట్టు తప్పేమో అన్న అనుమానం తీరడానికి మూడు రకాలుగా కాల్చి చూశాం: అరచేతి మీద వదులుగా, మెత్తటి ఇసక సంచి మీద, వేరే మనిషి చేత. మూడుసార్లూ 38 నుంచి 43 మధ్యే. స్ప్రింగ్ రైఫిల్‌ని గట్టి బల్ల మీద ఆనించి మాత్రం పరీక్షించకూడదు, ఎగిరిపడుతుంది.

జూన్ 1

లోపం దొరికింది.

టిష్యూ పేపరు వేలెడు వెడల్పు చించి, బ్యారెల్ వచ్చి ట్యూబుకి ఆనే అతుకు మీద పరిచి, పెల్లెట్ పెట్టి కాల్చాం. ఎడమ పక్క కదల్లేదు. కుడి పక్క కాగితం లేచి పడింది. ఐదుసార్లు చేస్తే ఐదుసార్లూ కుడి పక్కే.

తర్వాత ఫీలర్ గేజ్, అంటే సందులు కొలిచే సన్నటి రేకుల కట్ట, మెకానిక్కులు ఇంజన్ టాపెట్లకి వాడేదే. బ్యారెల్ మూసి, అతుకు సందులో రేకులు దూర్చి చూస్తే ఎడమ పక్క 0.10 మి.మీ. రేకు పడుతుంది, అంతకుమించి పట్టదు. కుడి పక్క 0.25 రేకు హాయిగా దూరిపోతోంది. అసలు సందు ఎంత ఉండాలన్నది మోడల్‌ని బట్టి మారుతుంది, కానీ చుట్టూ సమానంగా ఉండి తీరాలి.

బ్యారెల్ విరిచి బ్రీచ్ (బ్యారెల్ వెనక చివర) ఓ-రింగుని, అంటే అక్కడ గాలి కారకుండా ఆపే రబ్బరు సీలుని, భూతద్దంలో చూస్తే ఎడమ సగం నలిగి నున్నగా మెరుస్తోంది. కుడి సగం మీద అచ్చులోంచి తీసినప్పటి సన్నటి గీత ఇంకా అలాగే ఉంది. వంద పెల్లెట్లు దాటినా ఆ సగం ట్యూబుకి తగలనే లేదన్నమాట. సీలు పాడవలేదు. అది కూర్చోవాల్సిన బ్రీచ్ ముఖమే వంకరగా కోసి ఉంది.

ఇది స్కోపులోనూ బయటపడుతుంది. ఈ మోడల్‌కి ముందు, వెనక గురి చూసే సైట్లు రెండూ బ్యారెల్ మీదే ఉన్నాయి. బ్యారెల్ ఎటు వంగినా సైట్లూ దాంతోపాటే వంగుతాయి కాబట్టి వాటితో కాలిస్తే వంకర కనపడదు. స్కోపు కూర్చునేది ట్యూబు మీద. స్కోపు పక్క టరెట్‌ని (గురిని పక్కలకి జరిపే మర) ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పి, క్లిక్కులు లెక్కపెట్టి, సరిగ్గా సగంలో ఉంచి కాలిస్తే గ్రూపు మధ్యభాగం 65 మి.మీ. ఎడమకి పడింది. లెక్క కూడా సరిపోతోంది: సందు తేడా 0.15 మి.మీ., బ్రీచ్ ముఖం వెడల్పు 22 మి.మీ. ఆ వాలుని 10 మీటర్లకి సాగదీస్తే 68 మి.మీ. మౌంటు (స్కోపుని ట్యూబుకి పట్టించే బిగింపు) తిప్పి బిగించి మళ్లీ కాల్చాం, ఎడమకే.

క్లిక్కులతో సరిచేసుకోవచ్చు కదా అనిపిస్తుంది. పావు మినిట్ స్కోపులో (డిగ్రీలో అరవయ్యో వంతు ఒక మినిట్) ఒక్క క్లిక్ 10 మీటర్ల దగ్గర 0.73 మి.మీ., సుమారు 90 క్లిక్కులు తిప్పితే గురి మధ్యకి వస్తుంది. రాదని కాదు, గాలి కారడం మాత్రం అలాగే ఉంటుంది, ఆ 31 తేడా కూడా.

జూన్ 2

ఓ-రింగు కింద సన్నటి కాగితం వాషరు పెట్టి లేపడం పాత చిట్కా. ఆటోనగర్‌లో హైడ్రాలిక్ సీళ్ల కొట్టుకి వెళ్లి లావుపాటి ఓ-రింగు వేయించడం ఇంకోటి. వారంటీ అయిపోయిన రైఫిల్‌కి రెండూ మంచివే. వారంటీలో ఉన్నదానికి రెండూ వద్దు. వేగం పెరుగుతుంది, కంపెనీ అడిగే రుజువు చెరిగిపోతుంది, వంకర అలాగే మిగులుతుంది. అదే ఆటోనగర్‌లో లేత్ మీద బ్రీచ్ ముఖం చదును చేయించడం అన్నిటికంటే ఆకర్షణీయమైన తప్పు. పని బాగానే చేస్తారు, కానీ రేపు ఏది చెడినా “మీరు బయట విప్పించారు” అనే మాటకి జవాబుండదు. ట్యూబు విప్పి స్ప్రింగు తీయడమైతే ఇంట్లో అస్సలు కూడదు. బిగించి కూర్చోబెట్టిన స్ప్రింగు, దాన్ని నొక్కి పట్టే కంప్రెసర్ లేకుండా విప్పితే ముఖం మీదికే వస్తుంది.

జూన్ 4

కంపెనీకి మెయిల్. ఫోన్లో వచ్చే మామూలు జవాబు “ఇంకో ఐదొందలు కాల్చండి సార్, అదే సర్దుకుంటుంది”. అందులో సగం నిజముంది, పిస్టన్ సీలు సర్దుకుంటే వేగం నిలకడవుతుంది. ఉక్కు ముఖం మాత్రం ఎన్ని కాల్చినా నిటారు కాదు. మెయిల్లో ఆ ఒక్క వాక్యమే గట్టిగా రాశాం. కింద పది వేగాలు, పెల్లెట్ బరువు, రెండు సందు కొలతలు, ఫీలర్ గేజ్ దూర్చిన ఫోటో, టిష్యూ లేచే వీడియో, సీరియల్ నంబరు. “గురి కుదరడం లేదు” అని ఎక్కడా రాయలేదు. అలా రాస్తే “చెక్ చేశాం, బాగానే ఉంది” అన్న చీటీతో తిరిగొస్తుంది. రెండో రోజు సర్వీసు నంబరు ఇచ్చారు. పంపే ఖర్చు మనది, తిప్పి పంపేది వాళ్లది.

జూన్ 9

ప్యాకింగ్. స్కోపు, మౌంటు తీసేశాం. స్లింగు, పెల్లెట్లు, క్లీనింగ్ రాడ్ ఏవీ పంపలేదు. స్ప్రింగు ఎక్కించి లేదని, లోపల పెల్లెట్ లేదని బ్యారెల్ విరిచి చూసి, ఆ స్థితిలో ఫోటో తీసుకుని మూశాం.

తొలకరి మొదలయ్యే రోజులు. ఇనుముని నేరుగా పాలిథిన్‌లో చుడితే లోపల చెమ్మ పట్టి, దారిలోనే తుప్పు చుక్కలు వస్తాయి. ముందు నూనె అద్దిన పాత నూలు పంచె ముక్క, దాని మీద పాలిథిన్, లోపల సిలికా జెల్ పొట్లాలు నాలుగు. కంపెనీ పెట్టె ఒక్కటే చాలదు, అట్ట చిల్లుపడేది ఎప్పుడూ బ్యారెల్ మూతి దగ్గరే. రెండు చివర్లా 5 సెం.మీ. థర్మోకోల్, బయట ఐదు పొరల అట్టపెట్టె. 110 మి.మీ. పీవీసీ పైపులో పెట్టొచ్చని కొందరంటారు, స్టాక్ మడమ అందులో పట్టదు.

పెట్టె 120 × 30 × 15 సెం.మీ. బరువు 5.2 కిలోలు. కొరియర్ వాళ్లు కొలతల్ని గుణించి 5000తో భాగిస్తే 10.8 కిలోలు, డబ్బులు దానికే. పెట్టె ప్రతి అంగుళం జేబుకి తగులుతుంది.

సరుకు వివరం దగ్గర “స్పోర్ట్స్ సామాను” అని దాచి రాయొద్దు. స్కానర్‌లో తుపాకీ ఆకారం కనపడగానే పార్సిల్ పక్కన పెట్టేస్తారు. “.177 ఎయిర్ రైఫిల్, 20 జౌళ్ల లోపు, లైసెన్సు అక్కర్లేనిది, రిపేరు కోసం, అమ్మకానికి కాదు” అని పూర్తిగా రాసి, బిల్లు నకలు, సర్వీసు మెయిల్, సంతకం పెట్టిన డిక్లరేషన్ పెట్టెకి బయట కవరులో అంటించాం. విలువ 50,000 రూపాయలు దాటదు కాబట్టి ఈ-వే బిల్లు లేదు. విమానంలో కాకుండా రోడ్డు మీద వెళ్లే సర్వీసే అడగాలి. మొదటి రెండు కౌంటర్లలో వద్దన్నారు, మూడో చోట కాగితాలు చదివి తీసుకున్నారు. బీమా పూర్తి బిల్లు విలువకి.

గాలి సిలిండర్ ఉండే పీసీపీ రైఫిల్ అయితే సిలిండర్ పూర్తిగా ఖాళీ చేసి, ఖాళీ అని చీటీ అంటించాలి. 200 బార్ల గాలితో ఏ పార్సిల్ ఆఫీసూ తీసుకోకూడదు.

జూలై 6

తిరిగొచ్చింది. చీటీలో రెండు ముక్కలు: బ్యారెల్ బ్లాకు (బ్యారెల్ వెనక చివర ఉండే, బ్రీచ్ ముఖమున్న ఇనప దిమ్మ) మార్చారు, బ్రీచ్ సీలు కొత్తది. బ్లాకు కింద నల్లపూత మీద గోటి పొడవు గీత పడింది. విప్పేటప్పుడు వీడియోలో ఉంది, ఫోటో పంపాం. దానికోసం మళ్లీ పంపడం దండగ.

స్టాక్ స్క్రూలు మూడూ వదులు. సర్వీసు నుంచి వచ్చిన రైఫిల్‌లో ముందు చూడాల్సింది ఇదే. నూనె మళ్లీ దండిగా పోశారు, 30 పెల్లెట్ల దాకా పొగే.

జూలై 8

అదే డబ్బా పెల్లెట్లు, అదే బల్బు. 201, 199, 204, 200, 202, 198, 203, 201, 200, 202. సగటు 201, తేడా 6, శక్తి 10.3 జౌళ్లు. సందు రెండు పక్కలా 0.10 రేకు పడుతుంది, 0.15 పట్టదు. టిష్యూ కదల్లేదు. స్కోపు మళ్లీ సగంలో పెట్టి కాలిస్తే 9 మి.మీ. ఎడమ, 12 క్లిక్కులతో మధ్యకి వచ్చింది. గ్రూపు 15 మి.మీ.

స్ప్రింగు మోత మాత్రం తగ్గలేదు, పేల్చిన ప్రతిసారీ తంబూరా తీగలా ఖంగుమంటోంది. అది లోపం కాదు, వారంటీలో అడిగినా ఏమీ చేయరు. 300 పెల్లెట్ల తర్వాత స్క్రూలు, సందు మళ్లీ చూడాలి. ఇప్పటికి 70 అయ్యాయి.