టెస్టోస్టిరాన్ తగ్గుదల: కారణమా, ఆనవాలా?

కాలి రక్తనాళాలు పూడుకుపోయి నాలుగడుగులు వేస్తే పిక్కలు పట్టేస్తున్న మా మేనమామగారు, టెస్టోస్టిరాన్ అనే పురుష హార్మోన్ తక్కువగా ఉందని తెలిసిన రోజు నుంచి, ఆ హార్మోన్ వాడితే గుండె కూడా బాగుపడుతుందేమోనని ఆశపడుతున్నారు. ఆయన కోసమే ఈ విషయం శ్రద్ధగా చదివాను.

గుండె ధమనుల జబ్బు ఉన్న పురుషులలో ఈ హార్మోన్ తక్కువైనవారిలో మరణాలు ఎక్కువని కొన్ని పరిశీలనలు చెప్పిన మాట నిజమే. అయితే స్థూలకాయం, మధుమేహం, దీర్ఘవ్యాధి కూడా దాని స్థాయిని తగ్గిస్తాయి కనుక, ఆ తగ్గుదల జబ్బుకు కారణమో, జబ్బు మిగిల్చిన ఆనవాలో పరిశీలన ఒక్కదానితో తేలదు.

స్త్రీల విషయంలో ఇలాంటి నమ్మకమే ఒకసారి తలకిందులైంది. ఈస్ట్రోజెన్ అనే స్త్రీ హార్మోన్ గుండెను కాపాడుతుందని వైద్యులు గట్టిగా నమ్మిన కాలంలో, 1998లో వెలువడిన హెర్స్ అధ్యయనం, గుండె ధమనుల జబ్బు ఉన్న, ముట్లుడిగిన 2,763 మంది స్త్రీలను సగటున 4.1 ఏళ్లు గమనించి, ఈస్ట్రోజెన్‌తో ప్రొజెస్టిన్ అనే మరో హార్మోన్ కలిపి ఇచ్చినా గుండెపోట్లు మొత్తం మీద తగ్గలేదనీ, మొదటి ఏడాదిలో పెరిగాయనీ చూపింది.

పురుషులపై 2023లో వచ్చిన ట్రావర్స్ అధ్యయనంలో, గుండెజబ్బు గానీ దాని ముప్పు గానీ ఎక్కువగా ఉన్న 5,200 మందికి పైగా పాల్గొన్నారు. గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బు మరణాలు కలిపి చూస్తే, హార్మోన్ జెల్ రాసుకున్నవారిలో 7.0 శాతం, మందు లేని జెల్ రాసుకున్నవారిలో 7.3 శాతం. హాని పెరగలేదన్నది ఊరటే, కానీ రక్షణ కూడా రుజువు కాలేదు. పైగా గుండె లయ తప్పడం, ఊపిరితిత్తుల్లో రక్తపు గడ్డ అడ్డుపడటం హార్మోన్ వాడినవారిలోనే ఎక్కువ.

అందుకే మావయ్యగారిని ముందు సిగరెట్టు మానమనీ, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర తప్పకుండా వేసుకోమనీ, డాక్టరు చెప్పినట్టు రోజూ నడవమనీ బతిమాలుతున్నాను.