30 అంగుళాల బల్ల, 5 అడుగుల 4 అంగుళాల మనిషి

అమెరికా అపార్ట్‌మెంట్‌లో ఇంటి ఆఫీసు పెట్టుకునేవాళ్లు ముందుగా బల్ల కొంటారు. తప్పు అక్కడే మొదలవుతుంది. ఇక్కడి మామూలు డెస్కు గానీ, డైనింగ్ టేబుల్ గానీ 29–30 అంగుళాల ఎత్తుంటుంది. 5 అడుగుల 4 అంగుళాల మనిషి పాదాలు నేలకి ఆనించి కూర్చుంటే మోచేయి సుమారు 25 అంగుళాల దగ్గరే ఉంటుంది. పైగా మనం ఇంట్లో వట్టికాళ్లతో తిరుగుతాం, బూట్ల మడమ ఇచ్చే అంగుళం కూడా ఉండదు. ఆ తేడా అంతా భుజాలు మొయ్యాలి. సాయంత్రానికి మెడ పట్టేస్తే దిండుని తిట్టుకుంటాం.

కొనేముందు టేపు తియ్యండి. వీపు ఆనించి కూర్చుని, భుజాలు వదులుగా వదిలేసి, మోచేతిని 90 డిగ్రీలకు వంచి నేల నుంచి కొలవండి. కీబోర్డు పైభాగం ఆ ఎత్తుకే రావాలి. బల్ల ఇప్పటికే ఉంటే కుర్చీ పైకి లేపి, ఎంత లేపారో అంత ఎత్తు పీట కాళ్ల కింద పెట్టుకోండి. 500 కాగితాల కట్ట ఒకటి 2 అంగుళాలుంటుంది, రెండు పేర్చి టేపు చుడితే వారం రోజులు పరీక్షించుకోడానికి చాలు. పీట లేకుండా కుర్చీ మాత్రం లేపితే తొడల కింద ఒత్తుకుపోయి కాళ్లు తిమ్మిరెక్కుతాయి.

మోటారుతో లేచే బల్ల కొనేటప్పుడు అందరూ ఎంత పైకి వెళ్తుందో చూస్తారు. మనం చూడాల్సింది ఎంత కిందికి దిగుతుందన్నది. రెండు అంచెల కాళ్లవి (ఒకదాంట్లో ఒకటి దూరే గొట్టాలు రెండున్నవి) చాలామటుకు 28 అంగుళాల దగ్గర ఆగిపోతాయి, మూడు అంచెలవి ఇంకా దిగుతాయి. ఆ అంకెలో పైపలక మందం కలిసిందో లేదో కూడా చూసుకోండి.

పలక సంగతికొస్తే, ఐకియా లాగ్‌కాప్టెన్ లాంటి తేలిక పలకల లోపల ఉండేది చాలావరకు తేనెపట్టు గళ్ల అట్ట. మానిటర్ ఆర్మ్ (తెరని గాల్లో నిలబెట్టే ఇనుప చెయ్యి) క్లాంపుని, అంటే బల్ల అంచుని పట్టుకునే బిగింపుని, బిగిస్తే పలక నొక్కుకుపోతుంది. క్లాంపుకి పైనా కిందా ఇనుప ప్లేటు గానీ ప్లైవుడ్ ముక్క గానీ వెయ్యాలి. ఆర్మ్ తగిలించడానికి మానిటర్ వెనక ఉండే నాలుగు రంధ్రాల మధ్య దూరం 75 లేదా 100 మిల్లీమీటర్లుందేమో చూడండి. మానిటర్ మరీ తేలికైతే ఆర్మ్ దానంతటదే పైకి లేస్తుంది, స్ప్రింగు బిగువు తగ్గించాలి. తెర పైఅంచు కంటి ఎత్తుకి, లేదా కాస్త కిందికి ఉండాలి. ప్రోగ్రెసివ్ కళ్లద్దాలవాళ్లు (దూరానికీ దగ్గరికీ ఒకే అద్దం పెట్టుకునేవాళ్లు) ఇంకా దించుకోవాలి, లేకపోతే రోజంతా గడ్డం ఎత్తి చదవాల్సొస్తుంది.

డబ్బు పెట్టాల్సింది కుర్చీ మీద. ఆఫీసులు ఖాళీ చేసినప్పుడు అమ్మే పాత సామాన్ల షాపుల్లో మంచివి దొరుకుతాయి. హెర్మన్ మిల్లర్ కంపెనీ ఏరాన్ కుర్చీ అయితే వీపు పైఅంచు వెనక వేలితో తడమండి: ఒక చుక్కుంటే చిన్నదైన ‘A’ సైజు, రెండుంటే ‘B’, మూడుంటే పెద్దదైన ‘C’. పొట్టివాళ్లు ‘C’లో కూర్చుంటే సీటు అంచు మోకాలి వెనక తగులుతుంది. అక్కడ రెండు మూడు వేళ్ల సందు ఉండాలి. ఆఫీసు ఫోన్‌ కాల్ మధ్యలో బాసింపట్టు వేసుకునే అలవాటుంటే ఏరాన్ వద్దు, దాని గట్టి అంచు తొడల్లో దిగుతుంది. స్టీల్‌కేస్ కంపెనీ లీప్ కుర్చీకి సీటు ముందుకీ వెనక్కీ జరుగుతుంది, అంచు మెత్తన. కొనేముందు పది నిమిషాలు కూర్చోండి. కుర్చీ మెల్లగా కిందికి దిగుతుంటే సీటుని ఎత్తి నిలబెట్టే గ్యాస్ సిలిండర్ పోయినట్టే. కార్పెట్ మీదైతే కుర్చీ కింద వేసే ప్లాస్టిక్ మ్యాట్ తప్పనిసరి, అది కూడా అడుగున ముళ్లున్నదే.

హెచ్-1బీ మీద ఉన్నవాళ్లకి ఇంకో పని. ఇల్లు కూడా పనిచేసే చోటే కాబట్టి, కంపెనీ ఎలక్ట్రానిక్‌గా నోటీసు ఇవ్వకపోతే, ఎల్‌సీఏ (వీసా కోసం కంపెనీ లేబర్ శాఖకి పెట్టే, జీతం, పనిచోటు రాసిన దరఖాస్తు) నోటీసు ఇంట్లో రెండు చోట్ల మొత్తం 10 రోజులు అంటించాలి. ఫ్రిజ్ తలుపు ఒకటి, డెస్కు మీది గోడ ఒకటి. వేరే మెట్రో ప్రాంతానికి ఇల్లు మారాలంటే ముందే సవరణ పిటిషన్ వేయించాలి, బల్ల సర్దడం తర్వాత.

ఖర్చు విషయానికొస్తే, డబ్ల్యూ-2 (కంపెనీ ఏటా ఇచ్చే జీతం పత్రం) మీద ఉన్న జీతగాళ్లకి 2018 నుంచి ఫెడరల్ పన్నులో హోం ఆఫీస్ మినహాయింపు లేదు. కాలిఫోర్నియాలో మాత్రం పనికి అవసరమైన ఖర్చు యజమానే భరించాలని లేబర్ కోడ్ 2802 చెబుతుంది. కుర్చీ కొనకముందే హెచ్ఆర్‌కి మెయిల్ పెట్టండి, రసీదు దాచుకోండి.